వేలు అరిగిందా, వైరు వదులైందా?

వేలిముద్ర పడకపోతే మన మీసేవ, జిరాక్స్ సెంటర్లలో మొదటి నింద వేలి మీదే పడుతుంది. "అవ్వా, నీ వేలు అరిగిపోయింది, రేపు రా" అంటాం. ఆమె బొటనవేలిని కొంగుతో తుడుచుకుని, "శెనక్కాయలు వొలిచిన చెయ్యి నాయనా, అరక్క ఏమైతాది" అని తప్పు తన మీదే వేసుకుని బస్సెక్కి వెళ్ళిపోతుంది. ఆ రోజు కూలి పోయింది, చార్జీ పోయింది, రేపు మళ్ళీ రావాలి. వేలిగీతలు నిజంగానే అరిగిపోయినవాళ్ళు మన పల్లెల్లో ఉన్నారు, కాదనను. కానీ వేలు బాగానే ఉండి, క్యాబినెట్ ముందున్న సాకెట్ నుంచి మదర్‌బోర్డు దాకా పోయే సన్నటి వైరు అర క్షణం వదిలి మళ్ళీ పట్టుకోవడం వల్ల పోయిన ముద్రలు కూడా ఉన్నాయి. ఆ రెండింటికీ తేడా ఆమెకు తెలియదు. కనిపెట్టగలిగేది కౌంటరుకు ఇటువైపు కూర్చున్న మీరే.

మీసేవ మొదలైందే మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, 2011 నవంబరు 4న. అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 2002లో, హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ ప్రాజెక్టు ప్రారంభించి, పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచింది. అప్పట్లో కంప్యూటరు పక్కన ఒక ప్రింటరు, ఒక స్కానరు ఉంటే అదే గొప్ప. ఇప్పుడు తిరుపతిలో ఏ సందులోని జిరాక్స్ సెంటరుకు వెళ్ళినా కీబోర్డు, మౌసు, ప్రింటరు, వేలిముద్ర మిషను, ఐరిస్ కెమెరా, వెబ్‌క్యామ్, డిజిటల్ సంతకం టోకెను, వీటికి తోడు వచ్చినవాళ్ళు తెచ్చే పెన్‌డ్రైవులు, ఫోన్ కేబుళ్ళు. అన్నీ యూఎస్‌బీ మీదే. కదలకుండా ఉండేవి వెనక సాకెట్లను ఆక్రమించేస్తాయి. మాటిమాటికీ తీసి పెట్టేవి ముందుకు వస్తాయి. ఆ లెక్కన మీకు కూడు పెట్టే పరికరం కంప్యూటరు మొత్తంలో అన్నిటికంటే బలహీనమైన చోట వేలాడుతోంది.

వైరు ముట్టుకునే ముందు తెర మీద వచ్చిన నంబరు చదవండి. 300 అని వస్తే ముద్ర ఆధార్ సర్వరు దాకా వెళ్ళింది, అక్కడున్నదానితో కలవలేదు. దానికి మీ మదర్‌బోర్డు బాధ్యత లేదు. వేరే వేలు పెట్టించండి, చెమట తుడిపించండి, కాకపోతే ఐరిస్ లేదా ఓటీపీ దారి చూడండి. 720 అని వస్తే పరికరమే సిద్ధంగా లేదని అర్థం. అక్కడ అవ్వ వేలికి ఏ సంబంధమూ లేదు. 700 అంటే ఇచ్చిన గడువులో ముద్ర తీసుకోలేకపోయింది. దాన్నొక్కదాన్నే చూసి ఏదీ తేల్చకండి.

720 వచ్చినప్పుడు ఇంకో మెట్టు ఉంది. డివైస్ మేనేజర్ తెరిచి పక్కన పెట్టుకోండి, స్పీకరు శబ్దం పెంచండి. చాలా సెంటర్లలో గోల ఎందుకని స్పీకర్లు తీసేస్తారు. దాంతో పరికరం తెగినప్పుడు విండోస్ చేసే "టడుం" శబ్దం ఎవరికీ వినిపించదు. ఆ ఒక్క శబ్దం మీకు సగం పని తగ్గిస్తుంది. డివైస్ మేనేజర్ జాబితాలో మిషను పేరు నిక్షేపంగా ఉండి, దాన్ని నడిపే ఆర్‌డీ సర్వీసు మాత్రం సిద్ధంగా లేదంటుంటే గొడవ సాఫ్ట్‌వేర్‌ది. సర్వీసు ఆపి మళ్ళీ నడపండి. జాబితా మొత్తం ఒక్కసారి రెపరెపలాడి, మిషను పేరు మాయమై మళ్ళీ వస్తుంటే కనెక్షనే తెగుతోంది. "యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్" అనో, కోడ్ 43 అనో వస్తే, పరికరానికి కరెంటు అందుతోంది కానీ మాటలు సరిగా అందడం లేదని మొదట అనుమానించండి.

ఇప్పుడు దారి మొత్తం మనసులో గీసుకోండి. వెనకవైపు సాకెట్లను మదర్‌బోర్డుకే టంకం వేసి బిగిస్తారు. ముందువైపు సాకెట్లు అలా కాదు. క్యాబినెట్ ముందు భాగంలో ఒక చిన్న బోర్డు, దాన్నుంచి అర మీటరు పైచిలుకు సన్నటి కేబులు, ఆ కేబులు చివర ఒక ప్లగ్గు, అది మదర్‌బోర్డు అంచున ఉన్న పిన్నుల గుత్తి మీద కూర్చుంటుంది. ఆ గుత్తినే హెడర్ అంటారు. మిషనుకూ బోర్డుకూ మధ్య ఇన్ని అతుకులు, ఏ అతుకైనా వదులు కావచ్చు.

పొలానికి నీళ్ళు అందకపోతే బోరు మోటారు విప్పేయం. మధ్యలో పైపు జాయింటు ఊడదీసి నీళ్ళు అక్కడిదాకా వస్తున్నాయా అని చూస్తాం. ఇక్కడా అదే పద్ధతి. వేలిముద్ర మిషనును ముందు నుంచి తీసి వెనక సాకెట్‌లో పెట్టండి. ఒక పూట కాదు, రోజంతా వదిలేయండి. ఒక్కసారీ తెగలేదంటే మిషను మంచిదే, దాని కేబులు మంచిదే, డ్రైవరు మంచిదే, విండోస్ మంచిదే. కొత్త మిషను కొనే ఖర్చు, విండోస్ మళ్ళీ వేసే ఖర్చు ఆ ఒక్క మార్పుతో తప్పిపోయాయి. వెనక కూడా తెగితే క్యాబినెట్ విప్పాల్సిన పని ఇప్పుడప్పుడే లేదు. మిషను సొంత కేబులు, మధ్యలో పెట్టిన ఎక్స్‌టెన్షన్ కేబులు, విండోస్ పవర్ సెట్టింగులు చూడాలి.

ఇక్కడే మనిషి పరీక్షకు నిలబడేది. బయట పది మంది నిలబడి ఉంటారు, లోపల మిషను తెగింది. చెయ్యి ఆగదు. ప్లగ్గు పీకుతాం, ఊదుతాం, వేరే సాకెట్‌లో పెడతాం, సిస్టం రీస్టార్ట్ చేస్తాం, డ్రైవరు మళ్ళీ వేస్తాం. అన్నీ ఒకే ఊపులో. పని మొదలవుతుంది, అందరం సంతోషిస్తాం. ఇందులో దేనివల్ల బాగైందో ఎవరికీ తెలియదు, కాబట్టి రేపు అదే సమస్య వచ్చినప్పుడు మళ్ళీ సున్నా నుంచి మొదలు. ఎప్పుడూ పనిచేయని వస్తువు కంటే అప్పుడప్పుడు పనిచేయని వస్తువు పట్టుకోవడం కష్టం. అది దొరకాలంటే ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చాక కాసేపు దాన్ని ముట్టుకోకుండా ఉండాలి. రద్దీ వేళ ఆ పని కుదరదు. వెనక సాకెట్‌లో పెట్టి పని జరిపించండి, పరిశోధన సాయంత్రానికి వాయిదా వేయండి. కౌంటరు దగ్గర ఒక నోటు పుస్తకం ఉంచి, తెగిన టైము, ఏ సాకెట్, ఆ క్షణంలో ప్రింటరు నడుస్తోందా, కరెంటు పోయి యూపీఎస్ మీదికి మారిందా అని ఒక్క వరుస రాయండి. నాలుగు రోజుల వరుసలు చూస్తే, ఆ సమస్య మీరు అనుకున్నంత ఇష్టారాజ్యంగా రాలేదని మీకే కనిపిస్తుంది.

ముందు సాకెట్ గురించి ఒక లెక్క చెబుతాను, చాలామందికి తెలియదు. మామూలు వెడల్పాటి యూఎస్‌బీ సాకెట్‌ను ప్రమాణాల ప్రకారం కనీసం 1,500 సార్లు పెట్టి తీయడానికి తట్టుకునేలా తయారు చేస్తారు. ఇంట్లో కంప్యూటరుకు అది ఏళ్ళ తరబడి సరిపోతుంది. జిరాక్స్ సెంటరులో రోజుకు 20 పెన్‌డ్రైవులు ఒకే సాకెట్‌లో పెట్టి తీశారంటే 75 రోజుల్లో ఆ లెక్క పూర్తి. ఆ తర్వాత లోపలి రాగి నాలుకల పట్టు సడలుతుంది. కాబట్టి వేలిముద్ర మిషనుకు ఒక సాకెట్ శాశ్వతంగా ఇచ్చేయండి, అందులో ఇంకేదీ పెట్టనివ్వకండి. పెన్‌డ్రైవుల కోసం ఇంకో సాకెట్‌కు పొట్టి ఎక్స్‌టెన్షన్ తగిలించి, అరుగుదల అంతా దాని మీద పడనివ్వండి. అరిగితే దాన్ని పారేసి కొత్తది తగిలించవచ్చు. సాకెట్ అరిగితే క్యాబినెట్ విప్పాలి. ఎక్స్‌టెన్షన్ మాత్రం పొట్టిదే ఉండాలి. కౌంటరు చివరిదాకా మూడు మీటర్ల చవక వైరు లాగితే దారిలోనే వోల్టేజి పడిపోతుంది.

క్యాబినెట్ విప్పాల్సి వస్తే ముందు పవర్ కార్డు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. సిస్టం ఆపినా వేలిముద్ర మిషను లైటు, మౌసు లైటు వెలుగుతుండటం మీరు చూసే ఉంటారు. అంటే హెడర్‌లో 5 వోల్టులు ఇంకా ఉన్నాయన్నమాట. కార్డు పీకాక పవర్ బటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన చార్జి దిగిపోతుంది. క్యాబినెట్ రేకును చేత్తో తాకి, తర్వాతే బోర్డు మీద చెయ్యి పెట్టండి.

యూఎస్‌బీ 2.0 హెడర్‌లో రెండు వరుసల్లో 9 పిన్నులుంటాయి, పదో చోటు ఒక మూల ఖాళీ. ప్లగ్గులో ఆ మూల రంధ్రం మూసి ఉంటుంది, తిప్పి పెట్టకుండా. ఒక్కో వరుస ఒక్కో సాకెట్‌ది: 5 వోల్టులు, డేటా మైనస్, డేటా ప్లస్, గ్రౌండు, ఆ క్రమంలో. వైర్ల రంగులు మామూలుగా ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు. ఇది తెలిస్తే లక్షణాన్ని బట్టి చోటు ఊహించవచ్చు. రెండు సాకెట్లలో ఒకటే తెగుతుంటే ఆ సాకెట్‌నో దాని డేటా వైరునో అనుమానించండి. రెండూ ఒకేసారి పోతుంటే ప్లగ్గు సరిగా కూర్చోకపోవడమో, కరెంటో. పాత క్యాబినెట్లలో ఒక్కో పిన్నుకు ఒక్కో విడి వైరు వస్తుంది. అలాంటివి విప్పే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి, ఎందుకంటే ఎరుపు, నలుపు తారుమారైతే ముందు సాకెట్‌లో పెట్టిన పరికరం కాలిపోతుంది. ఇంకా పాత బోర్డుల్లో ఫైర్‌వైర్ హెడర్ కూడా అచ్చం ఇదే ఆకారంలో ఉంటుంది, అందులో 12 వోల్టులు వస్తాయి. పక్కన ముద్రించిన పేరు చదవకుండా ఏదీ తగిలించకండి.

నీలం రంగు యూఎస్‌బీ 3.0 హెడర్‌కు 19 పిన్నులు, మరీ సన్నవి. దాని కేబులు మొరటుగా, బిరుసుగా ఉంటుంది. క్యాబినెట్ తలుపు మూసేటప్పుడు ఆ కేబులు వంగి ప్లగ్గును పక్కకు లాగుతుంది, కొద్ది నెలల్లో ఒక మూల పైకి లేస్తుంది. తీసేటప్పుడు కేబులు పట్టుకుని లాగితే హెడర్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గోడ ప్లగ్గుతోపాటే ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. ఒక చేత్తో ఆ గోడను కిందికి అదిమి పట్టి, రెండో చేత్తో ప్లగ్గును నిటారుగా పైకి తీయాలి. పెట్టేటప్పుడు పిన్నుల మీద టార్చి వేసి చూసి, వంగినదాన్ని సన్నటి ట్వీజరుతో ఓపిగ్గా నిలబెట్టాలి.

అసలు తీర్పు చెప్పే పరీక్ష ఇది. బోర్డు మీద ఇలాంటి 9 పిన్నుల హెడర్ ఇంకొకటి ఉంటుంది చాలావాటిలో. ముందు సాకెట్ల ప్లగ్గును మొదటి హెడర్ నుంచి తీసి రెండోదానికి పెట్టండి. ఒకటి రెండు రోజులు నడవనివ్వండి. తెగడం ఆగిపోతే మొదటి హెడర్‌లోనో, అక్కడ ప్లగ్గు కూర్చున్న తీరులోనో లోపం. అక్కడా తెగుతుంటే కేబులో, ముందున్న చిన్న బోర్డో. ఆ ముందు భాగం విడిగా దొరుకుతుంది, మదర్‌బోర్డు ఖరీదులో అది చిన్న పాలు. ఈ తేడా తెలియకే చాలా బోర్డులు మార్చేశారని నా నమ్మకం.

రెండో హెడర్ ఖాళీగా లేకపోతే అక్కడ ఏముందో చూడండి. వైఫై కార్డు ఉంటే దాని బ్లూటూత్ భాగం ఈ హెడర్ నుంచే నడుస్తుంది. హెడర్లు చాలక కొందరు ఒకదాన్ని రెండుగా చీల్చే వై ఆకారం వైరు పెడతారు. కరెంటును అలా చీల్చవచ్చు గానీ యూఎస్‌బీ డేటాను చీల్చలేం. మధ్యలో హబ్ చిప్ ఉండాలి. చిప్ లేని వై వైరులో ఒకే వరుసకు రెండు పరికరాలు తగిలితే రెండూ ఒకదాని మాట ఒకటి చెడగొట్టుకుంటాయి. అలాంటిది కనిపిస్తే ముందు దాన్ని తీసేయండి.

కరెంటు సంగతి మన ప్రాంతంలో విడిగా చెప్పుకోవాలి. యూఎస్‌బీ 2.0 సాకెట్ ఒక్కోటి 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 సాకెట్ 900 ఇవ్వాలి, వోల్టేజి 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. కొలవడానికి మల్టీమీటరు మొనలు హెడర్ పిన్నుల మధ్య పెట్టకండి, జారితే చిప్‌సెట్టే పోవచ్చు. సాకెట్‌లో దూర్చే చిన్న యూఎస్‌బీ మీటరు దొరుకుతుంది, అది చాలు. వేలిముద్ర మిషను నడుస్తుండగా చూడండి. ముందు సాకెట్‌లో 4.6, వెనక 5 చూపిస్తే కేబులులో వోల్టేజి కరిగిపోతోంది. రెండు చోట్లా తక్కువుంటే కంప్యూటరుకు కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ ముసలిదైంది.

ఎర్తు సంగతి మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. క్యాబినెట్ రేకు తాకితే చిమచిమలాడుతోందని, స్క్రూ తగిలితే కొడుతోందని మీరే చాలాసార్లు అనుకుని ఉంటారు. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటును వడగట్టే కెపాసిటర్లు ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ రేకుకు కలిపి ఉంటాయి. ఎర్తు ఉంటే ఆ కొద్దిపాటి లీకేజీ నేలలోకి పోతుంది. లేకపోతే రేకు మీద సరఫరాలో సగం, అంటే దాదాపు 115 వోల్టులు, బలం తక్కువే అయినా నిలిచి ఉంటాయి. వేరే ప్లగ్ పాయింటు మీద నడిచే ప్రింటరును యూఎస్‌బీ వైరుతో దీనికి కలిపితే ఆ తేడా యూఎస్‌బీ గ్రౌండు గుండానే సర్దుకుంటుంది, పక్కనున్న వేలిముద్ర మిషను రీసెట్ అవుతుంది. మన రాతినేలల్లో ఎండాకాలం వచ్చేసరికి ఎర్తు గుంతలో తేమ ఇంకిపోతుంది. శీతాకాలంలో బాగున్న సెంటరు ఏప్రిల్, మే నెలల్లో మొరాయించడానికి అదొక కారణం కావచ్చు. ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి: ఫేజుకూ ఎర్తుకూ మధ్య, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వచ్చినంతే రావాలి, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కొద్ది వోల్టులకు మించకూడదు. గుంతలో నీళ్ళు పోయించండి. కంప్యూటరు, ప్రింటరు ఒకే యూపీఎస్ బోర్డు మీద కాకపోయినా ఒకే ఎర్తు మీద ఉండేలా చూడండి. ఇది మిషను కోసమే కాదు, ఆ రేకును రోజంతా తాకే మీ కోసం.

నగరి మగ్గాల వీధుల్లో ఉన్న సెంటర్లకు దూది నూగు అదనపు బెడద. అది సాకెట్ లోపల చేరి, నవంబరు వానల్లో తేమ పీల్చి పిన్నుల మీద పొరలా పడుతుంది. మెత్తటి బ్రష్షు, ఐసోప్రొపైల్ ఆల్కహాలు, ఆరేదాకా ఆగే ఓపిక, ఇవి చాలు. ఉప్పుకాగితంతో పిన్నులు రుద్దకండి, పైపూత పోతే ఇంకా త్వరగా చెడతాయి. నోటితో ఊదితే తుంపర పడుతుంది.

వెనక సాకెట్‌లో కూడా తెగేవాళ్ళు విండోస్ వైపు చూడాలి. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. డివైస్ మేనేజర్‌లో ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్ మీద నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో కరెంటు ఆదాకు ఈ పరికరాన్ని ఆపవచ్చన్న గడిలో టిక్కు తీసేయండి. కాసేపు ఖాళీగా ఉన్నాక మొదటి ముద్రకే మొరాయించి, తర్వాత బాగా నడిచే మిషను విషయంలో ఇది తరచూ పనిచేస్తుంది. ఇంకొక సంగతి. వైర్లన్నీ బాగుండి బోర్డే తెగ్గొట్టిన సందర్భమూ ఉంది: 2021 ఫిబ్రవరిలో ఏఎండీ సంస్థ తన 500 సిరీస్ చిప్‌సెట్ బోర్డుల్లో యూఎస్‌బీ ఉండుండి తెగుతోందని ఒప్పుకుని, ఏజీసా 1.2.0.2 అనే బయోస్ మార్పుతో సరిచేసింది. మీది అలాంటి బోర్డయి, పాత బయోస్ మీదే నడుస్తుంటే అప్‌డేట్ చేయించండి. యూపీఎస్ బ్యాటరీ గట్టిగా ఉన్నప్పుడే ఆ పని పెట్టుకోవాలి, మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. వైర్‌లెస్ మౌసు మాత్రమే నత్తి కొడుతుంటే దాని డాంగిల్ నీలం సాకెట్ పక్కన ఉందేమో చూడండి, యూఎస్‌బీ 3.0 నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలను చెడగొడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం వెలువరించింది. డాంగిల్‌ను దూరంగా పెడితే సరిపోతుంది.

హెడరే పోయిందని తేలినా మదర్‌బోర్డు పోయినట్టు కాదు. ఆ హెడర్‌కు ప్లగ్గు పెట్టకుండా వదిలేయండి, షార్టు ఉన్న చోటికి కరెంటు పంపవద్దు. బోర్డు మీద పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఖాళీ ఉంటే యూఎస్‌బీ కార్డు వేసుకోవచ్చు. వెనక సాకెట్లతోపాటు లోపల 19 పిన్నుల హెడర్ ఉన్న కార్డులు కూడా వస్తాయి, ముందు సాకెట్ల కేబులును దానికే తగిలించవచ్చు. "యూఎస్‌బీ ఓవర్ కరెంట్" అని హెచ్చరించి 15 సెకన్లలో సిస్టం ఆగిపోతుంటే మాత్రం కార్డు కొనేముందు ముందు సాకెట్ల లోపల నాలుక వంగి రేకుకు తగులుతోందేమో చూడండి, ముందు ప్లగ్గు పీకగానే సిస్టం నిలబడితే దొంగ దొరికినట్టే.

చివరికి రిపేరు షాపుకు ఇవ్వాల్సి వస్తే "యూఎస్‌బీ పనిచేయడం లేదన్నా" అని వదిలేసి రాకండి. మీ నోటు పుస్తకంలోంచి నాలుగు ముక్కలు చీటీ మీద రాసి క్యాబినెట్‌కు అంటించండి: వెనక సాకెట్‌లో ఎన్ని రోజులు తెగకుండా నడిచింది, రెండో హెడర్‌కు మార్చినప్పుడు ఏమైంది, మీటరులో ముందెంత, వెనకెంత, ఎర్తు కొలిపించారా లేదా. ఆ చీటీ చూసిన మెకానిక్ బోర్డు మార్చాలని ఊరికే అనలేడు, అన్నాడంటే కారణం చెబుతాడు. వారంటీ ఉన్న బోర్డయితే ఇచ్చేముందు హెడర్ పిన్నులు నిటారుగా ఉన్నట్టు దగ్గర నుంచి ఫొటో తీసి, బిల్లుతోపాటు ఉంచుకోండి. వంగిన పిన్ను కనిపిస్తే మామూలుగా కంపెనీలు వారంటీ ఇవ్వవు, అది షాపులో వంగిందా మీ దగ్గర వంగిందా అన్న వాదనకు ఆ ఫొటో ఒక్కటే సాక్ష్యం.